జెమ్మూర్‌కి ఓటు వేసిన 25 లక్షల మంది ఎవరు?

ఓరుగల్లు_కోట

ఫ్రాన్స్ రాజకీయాలు దగ్గర నుంచి చూసినవాళ్లు ఉంటే కాస్త వివరంగా చెప్పండి. 2021 అక్టోబరులో వచ్చిన ఒక అధ్యక్ష ఎన్నికల సర్వేలో ఎరిక్ జెమ్మూర్‌కి 17 శాతం చూపించి, మాక్రాన్ తర్వాత రెండో స్థానంలో పెట్టారు. అప్పటికి ఆయన పోటీ చేస్తానని కూడా చెప్పలేదు. పార్టీ లేదు, ఒక్క ఎన్నికలోనూ నిలబడలేదు. పేపర్లో రాసేవాడు, టీవీలో వాదించేవాడు. అలాంటి మనిషి, ఏళ్ల తరబడి జాతీయవాద పార్టీ నడిపిన మరీన్ లె పెన్‌ని దాటేశాడని చదివి ఆశ్చర్యపోయాను.

ఆరు నెలలు తిరిగేసరికి, 2022 ఏప్రిల్ 10న, మొదటి రౌండు పోలింగులో, వచ్చింది 7.07 శాతం. నాలుగో స్థానం. ఓట్లు దాదాపు 25 లక్షలు.

నా ప్రశ్నలు రెండు. ఆ 17లో పది శాతం మంది ఎటు పోయారు? చివరిదాకా నిలబడ్డ 25 లక్షల మంది ఎవరు? జాతీయవాద అభ్యర్థి అనగానే ఫ్యాక్టరీలు మూతపడి ఉద్యోగాలు పోయినవాళ్లే ఓట్లు వేస్తారని అందరూ అంటారు. ఇక్కడా అదేనా?

లియోన్_నుంచి

కాదు, కోట గారూ. అసలు విషయం అక్కడే ఉంది. నేను ఇక్కడికొచ్చి పదకొండేళ్లయింది, నాకు ఓటు హక్కు లేదు కానీ ఆ ఆరు నెలలూ ఆఫీసులో, ట్రామ్‌లో, పక్కింటివాళ్లతో ఇదే చర్చ.

ముందు పారిస్ నగరం లెక్క చూడండి. అక్కడ లె పెన్‌కి 5.5 శాతం, జెమ్మూర్‌కి 8 శాతం దాటింది. దేశం మొత్తం మీద ఆమెకి 23 శాతం, ఆయనకి 7. అంటే దేశంలో ఆయన కంటే మూడు రెట్లు ఓట్లు తెచ్చుకున్న మనిషి రాజధానిలో ఆయన వెనకపడింది. పారిస్‌లో ఆయనకి ఎక్కువ ఓట్లు పడ్డది 16వ వార్డులో, దాదాపు 17 శాతం. అది ఏ పేటో తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు: పాత డబ్బున్న కుటుంబాలు, రాయబార కార్యాలయాలు, ఎత్తు పైకప్పుల ఇళ్లు. దక్షిణాన మధ్యధరా తీరం పట్టున కూడా ఆయనకి బాగానే వచ్చాయి. అక్కడ రిటైరయ్యి ఆస్తులతో స్థిరపడ్డవాళ్లు ఎక్కువ. ఒకప్పటి ఫ్రెంచ్ వలస అల్జీరియా నుంచి 1962లో కట్టుబట్టలతో తిరిగొచ్చిన ఫ్రెంచ్ కుటుంబాల వారసులు కూడా ఆ పట్టునే ఎక్కువ.

ఇప్పుడు ఉత్తరానికి రండి. పా-ద-కలే జిల్లా, పాత బొగ్గు గనుల ప్రాంతం. ఆ గనుల్లో చివరిది 1990లో మూతపడింది. 2003లో నోయెల్-గొదో ఊళ్లో సీసం, జింకు కరిగించే ఫ్యాక్టరీ మూసేస్తే 800 మందికి పైగా రోడ్డున పడ్డారు. ఆ పక్కనే ఎనాన్-బోమాన్, లె పెన్ కోట. 2022 రెండో రౌండులో, మాక్రాన్‌తో ముఖాముఖి పోటీలో, ఆ జిల్లాలో ఆమెకి 57 శాతం వచ్చింది. మీరు చెప్పిన «ఫ్యాక్టరీ పోయిన మనిషి» అక్కడ ఉన్నాడు. ఆ మనిషి జెమ్మూర్ వైపు చూడలేదు.

ఎందుకు చూడలేదంటే, హామీల్లోకి వెళ్లాలి. జెమ్మూర్ పదవీ విరమణ వయసు 62 నుంచి 64కి పెంచుతానన్నాడు. లె పెన్ మాత్రం చిన్న వయసులోనే పనిలోకి దిగినవాళ్లకి 60కే విరమణ అంది. కుటుంబ వ్యాపారం పిల్లల చేతికి వెళ్లేటప్పుడు పన్ను ఉండకూడదని ఆయన, పెట్రోలు, గ్యాస్, కరెంటు మీద వ్యాట్ 20 నుంచి 5.5 శాతానికి తగ్గిస్తానని ఆమె. వలసల విషయంలో ఇద్దరి మాటా దాదాపు ఒకటే, ఆయనది ఇంకా కరుకు. కానీ ఇంటి ఖర్చు దగ్గరికొచ్చేసరికి ఇద్దరూ రెండు వేరు వర్గాలతో మాట్లాడారు. పదహారో ఏటనే గోదాములో పెట్టెలు మోయడం మొదలుపెట్టిన మనిషికి ఇంకో రెండేళ్లు పని చెయ్యమంటే ఎలా ఉంటుంది?

ఓరుగల్లు_కోట

ఇది నేను ఎక్కడా చదవలేదు. మరి 17 శాతం ఎక్కడి నుంచి వచ్చినట్టు?

లియోన్_నుంచి

సంప్రదాయ కుడి పార్టీ ఇంట్లోంచి. 2017లో ఫ్రాన్సువా ఫియోన్‌కి 20 శాతం ఓట్లు వచ్చాయి గుర్తుందా? క్యాథలిక్ కుటుంబాలు, డాక్టర్లు, లాయర్లు, చిన్న పట్టణాల వ్యాపారులు. భార్యకి పని లేకుండా జీతం ఇప్పించాడన్న కేసులో ఆయన మునిగిపోయాక, వాళ్లలో చాలామంది మాక్రాన్ వైపు జరిగారు. మిగతావాళ్లకి లె పెన్ అంటే మొదటి నుంచీ చిన్నచూపు. ఆమె చదువు తక్కువని, మాటలో మర్యాద లేదని, ఆర్థిక విధానాల్లో వామపక్షమని అనేవాళ్లు. జెమ్మూర్ నెపోలియన్‌ని, డిగోల్‌ని పేజీలకు పేజీలు ఉటంకించేవాడు. «లె ఫిగారో» పేపరు వాళ్ల ఇళ్లలో తరతరాలుగా వస్తుంది, ఆయన అందులోనే రాసేవాడు. సీన్యూస్ చానల్లో 2019 నుంచి రోజూ సాయంత్రం కనిపించేవాడు. వాళ్లకి ఆయన బయటివాడు కాదు. రాజకీయ పార్టీలకి బయటివాడు, వాళ్ల డ్రాయింగ్ రూముకి మాత్రం అయినవాడు.

ఈ తేడా నాకు చాలా ముఖ్యంగా అనిపిస్తుంది. «ఔట్‌సైడర్» అని మనం తేలిగ్గా వాడేస్తాం కానీ, దేనికి బయట అని అడగాలి.

ఆ ఓటర్లు ఎంత కదిలిపోయారో చెప్పడానికి ఇంకో లెక్క. కుడి పార్టీ అభ్యర్థి వలెరీ పెక్రెస్‌కి వచ్చింది 4.78 శాతం. 5 శాతం దాటితేనే ప్రచార ఖర్చు ప్రభుత్వం పెద్ద మొత్తంలో తిరిగిస్తుంది. ఆమె సొంతంగా 50 లక్షల యూరోల అప్పులో ఉన్నానని చెప్పి, మర్నాడే జనాన్ని చందాలు అడగాల్సి వచ్చింది. డిగోల్, షిరాక్, సర్కోజీల పరంపర అది!

దేశం_ముందు

ఇక్కడ అందరూ ఆయన్ని ముద్దాయిలా నిలబెట్టి మాట్లాడుతున్నారు. నాకు కొంచెం వేరే మాట ఉంది.

తన భాష, తన చరిత్ర, తన ఊరి రూపం మారిపోతోందని ఒక మనిషి బాధపడితే అది తప్పెలా అవుతుంది? 2015లో షార్లీ ఎబ్డో పత్రిక మీద, బతక్లాన్ హాలు మీద, 2016లో నీస్ నగరంలో ఉగ్రవాద దాడులు, 2020లో క్లాసులో బొమ్మ చూపించాడని ఒక టీచర్‌ని తల నరికి చంపడం. ఇవన్నీ ఐదారేళ్లలో జరిగాయి. ఆ దేశంలో పిల్లల్ని స్కూలుకి పంపే తల్లిదండ్రులకి భయం ఉండదా? మిగతా పార్టీలు ఆ భయం గురించి నోరెత్తడానికి జంకితే, నోరెత్తినవాడి దగ్గరికే జనం వెళ్తారు. ఆ 25 లక్షల మందినీ జాత్యహంకారులని కొట్టిపారేస్తే వాళ్లెప్పటికీ అర్థం కారు. నేను చెప్పేది ఇంతే.

పారిస్_అమ్మ

దేశం_ముందు గారూ, మీ మాటలో మొదటి సగంతో నేను ఏకీభవిస్తాను. ఆ టీచర్ హత్య జరిగిన కాన్‌ఫ్లాన్ ఊరు మా ఇంటికి రైల్లో ఎంతో దూరం కాదు. ఆ రోజు రాత్రి మా పాప స్కూలు వాట్సాప్ గ్రూపులో ఎవ్వరూ ఒక్క ముక్క రాయలేదు. ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ గుర్తుంది. భయం నిజమేనండీ.

కానీ జెమ్మూర్ ఆ భయానికి చూపించిన మందు ఏమిటి? పిల్లల పేర్లు మార్చాలన్నాడు. 1803 నాటి నెపోలియన్ కాలపు చట్టం మళ్లీ తెచ్చి, ఈ దేశంలో పుట్టే పిల్లలకి మొదటి పేరు ఫ్రెంచ్ పేరే ఉండాలన్నాడు. 1993లో పేర్ల మీద ఆ కట్టడి తీసేశారు. 2018లో ఒక టీవీ షోలో, ఆఫ్రికా మూలాలున్న ఒక యాంకర్‌తో, నీ పేరే ఫ్రాన్స్‌కి అవమానమని ముఖం మీద అన్నాడు.

మా పాపకి మా అమ్మమ్మ పేరు పెట్టుకున్నాం. ఆ పేరు టీచర్లు పలకడానికి మొదటి వారం కష్టపడతారు, రెండో వారానికి అలవాటైపోతుంది. పాప ఫ్రెంచ్‌లోనే కలలు కంటుంది, ఫ్రెంచ్ పద్యాలు అప్పజెబుతుంది, ఇంటికొచ్చి పప్పన్నం తింటుంది. ఆ సర్వేలు వచ్చిన రోజుల్లో తను నన్ను అడిగింది: «అమ్మా, నా పేరు మార్చేస్తారా?» అని. తనకి అప్పుడు తొమ్మిదేళ్లు. ఎవరో స్కూల్లో అన్నారట. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఓటు వేసినవాళ్లందరూ చెడ్డవాళ్లని నేను అనను. మా బిల్డింగ్‌లో కింది ఫ్లోరు పెద్దావిడ ఆయనకే వేసింది, నాకే చెప్పింది. మేం ఊరెళ్తే మా మొక్కలకి నీళ్లు పోసేదీ ఆవిడే. «నీ గురించి కాదమ్మా ఆయన మాట్లాడేది» అంది. మా గురించి కాకపోతే మరి ఎవరి గురించి అని నేను అడిగాను. ఆవిడ జవాబు చెప్పలేదు.

యానాం_గౌతమి

పారిస్_అమ్మ గారి పోస్టు చదివి నేనూ రాయాలనుకున్నాను.

మాది యానాం. చట్టప్రకారం ఫ్రెంచ్ చేతిలోంచి పూర్తిగా మారింది 1962 ఆగస్టు 16న. అప్పుడు కావాలనుకున్నవాళ్లు ఫ్రెంచ్ పౌరసత్వం ఉంచుకోవచ్చన్నారు. మా చిన్నతాతయ్య ఉంచుకున్నారు. వాళ్ల పిల్లలు, మనవలు ఇప్పుడు పారిస్ శివార్లలో ఉంటున్నారు. పుదుచ్చేరి, కారైక్కాల్‌లో ఉన్న ఫ్రెంచ్ పౌరులు ఇప్పటికీ అక్కడి పోలింగ్ కేంద్రాల్లోనే ఫ్రాన్స్ అధ్యక్షుడికి ఓటు వేస్తారని చాలామంది తెలుగువాళ్లకి తెలియదు.

మా బాబాయి ఒకాయన జెమ్మూర్ అంటే ఇష్టపడ్డాడు. నేను ఫోన్లో గంటసేపు వాదించాను. ఆయన మాట ఇదీ: «మా నాన్న ఫ్రెంచ్ సైన్యంలో చేశాడు. మేం వాళ్ల భాష నేర్చుకున్నాం, వాళ్ల చట్టం పాటించాం. ఇప్పుడు వచ్చేవాళ్లు అదేదీ చెయ్యరు, కానీ అందరూ మమ్మల్ని వాళ్లతో కలిపి చూస్తారు.» అంటే ఆయనకి కోపం కొత్తగా వచ్చినవాళ్ల మీద, వాళ్ల వల్ల తన గౌరవం పోతోందని. ఇది నాకు బాగా అర్థమైంది, బాధ కూడా వేసింది. కష్టపడి లోపలికి వెళ్లినవాడు తలుపు వేసేయాలనుకుంటాడు.

జెమ్మూర్ కథ కూడా ఇలాంటిదే కదా. ఆయన తల్లిదండ్రులు అల్జీరియా యూదులు.

పాత_కాగితాలు

యానాం_గౌతమి గారు ఆఖర్లో ముట్టుకుని వదిలేసిన విషయం చాలా లోతైనది. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

అల్జీరియాలోని యూదులకి 1870లో క్రెమ్యూ డిక్రీతో ఒక్కసారిగా ఫ్రెంచ్ పౌరసత్వం వచ్చింది. పక్కింటి ముస్లిములకి రాలేదు. 1940 అక్టోబరులో విషీ ప్రభుత్వం, అంటే హిట్లర్ జర్మనీతో చేతులు కలిపిన మార్షల్ పెతాన్ ప్రభుత్వం, ఆ డిక్రీని రద్దు చేసింది. 70 ఏళ్లుగా ఫ్రెంచ్ పౌరులుగా ఉన్న కుటుంబాలు ఒక్క సంతకంతో పౌరులు కాకుండా పోయాయి. పిల్లల్ని బడుల్లోంచి పంపేశారు. జెమ్మూర్ కుటుంబం వచ్చింది సరిగ్గా ఆ సమాజంలోంచే. ఆయన 1958లో పారిస్ పక్కన మోంత్రెయ్‌లో పుట్టాడు.

అలాంటి మనిషి, పెతాన్ ఫ్రెంచ్ యూదుల్ని కాపాడాడని చెబుతూ వచ్చాడు. చరిత్రకారులు దీన్ని తప్పుపట్టారు. ఫ్రాన్స్ ప్రధాన రబ్బీ బహిరంగంగా ఆయన్ని విమర్శించాడు. ఐనా ఇజ్రాయెల్‌లో ఉన్న ఫ్రెంచ్ పౌరుల్లో ఆ రోజు ఓటు వేసినవాళ్లలో సగానికి పైగా ఆయనకే వేశారు. పోలింగ్‌కి వచ్చినవాళ్లు తక్కువ మందే అనుకోండి. వాళ్లకి 1940 కంటే తాము వదిలి వచ్చిన శివార్లలో ఈ మధ్య జరిగిన దాడులే దగ్గరగా ఉన్నాయి.

పెతాన్ మాట ఎందుకు అన్నాడంటే, నా ఉద్దేశంలో లెక్క ఇదీ. ఫ్రాన్స్‌లో, జర్మన్ల మీద పోరాడిన డిగోల్‌ని కొలిచే కుడిపక్షం, పెతాన్‌ని తలచుకునే కుడిపక్షం 1944 నుంచీ ఒక గదిలో కూర్చోలేదు. ఆ గోడ కూల్చి ఇద్దర్నీ ఒక్కటి చేయడమే ఆయన పెట్టుకున్న పని. లె పెన్ కుటుంబానికి చేతకానిది తనకి చేతనవుతుందనుకున్నాడు.

ఇక ఇలాంటి గాలి ఫ్రాన్స్‌కి కొత్త కాదు. 1889 జనవరి 27న జనరల్ బూలాంజే పారిస్ ఉపఎన్నికలో ఘనంగా గెలిచాడు. ఆ రాత్రి జనం ఆయన్ని నేరుగా అధ్యక్ష భవనానికి నడవమన్నారు. ఆయన నడవలేదు. ఏప్రిల్‌కల్లా బ్రస్సెల్స్ పారిపోయాడు, రెండేళ్ల తర్వాత ప్రియురాలి సమాధి దగ్గర కాల్చుకుని చనిపోయాడు. 1956లో పియేర్ పుజాద్, ఒక చిన్న ఊళ్లో పుస్తకాల దుకాణదారు, పన్ను అధికారుల మీద కోపంతో 50కి పైగా సీట్లు తెచ్చుకున్నాడు. రెండేళ్లకి ఆ పార్టీ ఆనవాలు లేదు. ఆ 50 మందిలో 27 ఏళ్ల కుర్రాడు ఒకడు, మరీన్ తండ్రి జాన్-మరీ లె పెన్. 1965లో తిక్సియే-విన్యాంకూర్ అనే లాయరు అల్జీరియా పోయిన బాధ మీద నిలబడి 5 శాతం తెచ్చుకున్నాడు. ఆయన ప్రచారం నడిపింది కూడా ఈ లె పెనే. గాలి వచ్చి పోతుంది. ఆ గాలిలో పని నేర్చుకున్నవాడు మిగులుతాడు.

దేశం_ముందు

క్రెమ్యూ డిక్రీ సంగతి నాకు తెలియదు. పేర్ల చట్టం కూడా ఇంత దూరం వెళ్తుందని అనుకోలేదు. పారిస్_అమ్మ గారూ, మీ పాప అడిగిన ప్రశ్న చదివాక నాకు మాట రాలేదు. నా మొదటి మాట మీద మాత్రం నిలబడతాను, ఆ ఓటర్ల భయాన్ని వినాలి.

ఓరుగల్లు_కోట

చాలా విలువైన పోస్టులు. నా రెండో ప్రశ్న మిగిలింది. మిగతా పది శాతం ఎందుకు జారిపోయారు?

లియోన్_నుంచి

ఫిబ్రవరి 24, 2022. రష్యా ఉక్రెయిన్ మీదకి వెళ్లిన రోజు.

అంతకుముందే కొన్ని బీటలు ఉన్నాయి. 2021 నవంబరులో మార్సెయ్‌లో ఒక మహిళకి కారులోంచి మధ్యవేలు చూపించాడు. 16వ వార్డు పెద్దలు ఆ ఫోటో చూసి మొహం తిప్పుకున్నారు. నవంబరు 30న వీడియోలో అభ్యర్థిత్వం ప్రకటించాడు. డిసెంబరు 5న విల్‌పాంత్‌లో మొదటి పెద్ద సభ పెట్టి «రెకోంకెత్» పార్టీ మొదలుపెట్టాడు. ఆ సభలోనే నిరసన తెలిపినవాళ్లని కుర్చీలతో కొట్టారు. ఐనా ఫిబ్రవరి మొదట్లో కూడా లె పెన్‌తో దాదాపు సమానంగా ఉన్నాడు. పోటీకి కావాల్సిన 500 మంది ప్రజాప్రతినిధుల సంతకాలు దొరకవని అందరూ అనుకున్నారు కానీ 741 వచ్చాయి. లె పెన్‌కి వచ్చింది 622.

యుద్ధం మొదలయ్యాక అంతా తిరగబడింది. 2018లో తను ఫ్రెంచ్ పుతిన్ ఒకడు రావాలని కలగంటున్నానన్న మాట బయటికి తీశారు. లె పెన్‌కీ రష్యా బ్యాంకు అప్పు మచ్చ ఉంది, పుతిన్‌తో ఫోటో ఉంది. కానీ ఆమె ఉక్రెయిన్ శరణార్థుల్ని రానివ్వాలని వెంటనే అంది. ఆయన మాత్రం వాళ్లు పోలండ్‌లోనే ఉంటే మంచిదన్నాడు. తల్లులు పిల్లల్ని ఎత్తుకుని సరిహద్దు దాటుతున్న దృశ్యాలు టీవీలో వస్తున్న వారం అది. మా ఆఫీసులో ఆయన్ని మెచ్చుకునే సహోద్యోగి ఒకాయన ఆ మాట తర్వాత ఇక ఆయన పేరు ఎత్తలేదు. తన ఇంట్లో ఒక గది ఉక్రెయిన్ కుటుంబానికి ఇచ్చాడు.

రెండోది పెట్రోలు. మార్చిలో లీటరు రెండు యూరోలు దాటింది. లె పెన్ నెలల తరబడి చిన్న ఊళ్ల సంతల్లో తిరుగుతూ ధరల గురించే మాట్లాడింది, అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఆయన పెద్ద సభల్లో నాగరికత గురించి మాట్లాడుతూనే ఉన్నాడు, మార్చిలో వలసదారుల్ని వెనక్కి పంపడానికి ఒక మంత్రిత్వ శాఖే పెడతానన్నాడు. మార్చి 27న త్రొకాదెరో సభకి జనం పోటెత్తారు. సభకొచ్చిన జనమంతా ఓట్లు కాదని మనవాళ్లకి నేను చెప్పాలా?

ఇక చివరి వారాల్లో ఓటు వృథా కాకూడదన్న లెక్క పనిచేసింది. ఎవరు రెండో రౌండుకి వెళ్తారో చూసి కుడి ఓటర్లలో కొందరు లె పెన్ వైపు, భయపడ్డ డబ్బున్నవాళ్లు కొందరు మాక్రాన్ వైపు వెళ్లారు.

యానాం_గౌతమి

రెండో రౌండులో జెమ్మూర్ ఓటర్లు ఏం చేశారు?

లియోన్_నుంచి

ఫలితాల రాత్రే ఆయన లె పెన్‌కి వెయ్యమన్నాడు. నాలుగింట మూడొంతుల మందికి దగ్గరగా వేశారు. ఆమెకి 41.45 శాతం వచ్చింది. 2002లో ఆమె తండ్రికి రెండో రౌండులో 17.79 శాతమే. అందుకే జెమ్మూర్ ఓడిపోయాడని ఊరుకోలేను. ఆయన పక్కన నిలబడేసరికి లె పెన్ మెత్తని మనిషిలా కనిపించింది. ఆమె పదేళ్లుగా పార్టీ పేరు మార్చి, తండ్రిని గెంటేసి తెచ్చుకోవాలనుకున్న పేరు, ఆయన ఆరు నెలల్లో ఉచితంగా తెచ్చిపెట్టాడు. జూన్‌లో జెమ్మూర్ సాన్-త్రొపే ప్రాంతంలో ఎంపీగా నిలబడి మొదటి రౌండులోనే పోయాడు, పార్టీకి ఒక్క సీటు లేదు. లె పెన్ పార్టీకి 89 వచ్చాయి.

పాత_కాగితాలు

తర్వాతి కథ త్వరగా: 2024 జూన్ యూరోపియన్ ఎన్నికల్లో రెకోంకెత్‌కి 5.47 శాతం, ఐదుగురు సభ్యులు. వారం తిరక్కుండా జట్టు పెద్ద మరియోన్ మరెషాల్, అంటే మరీన్ లె పెన్ అక్క కూతురు, లె పెన్ పార్టీ నేషనల్ ర్యాలీ వైపు మొగ్గితే బయటికి పంపేశారు. ఐదుగురిలో ఒక్క సారా క్నాఫో మిగిలింది.

ఓరుగల్లు_కోట

2025 మార్చిలో మరీన్ లె పెన్‌కి కోర్టు ఐదేళ్లు పోటీ నిషేధం వేసింది కదా, అప్పీలుకి వెళ్లింది. ఆమె లేకపోతే ఆ ఓట్లు మళ్లీ జెమ్మూర్ లాంటివాళ్ల దగ్గరికి వస్తాయా?

లియోన్_నుంచి

పా-ద-కలే ఓట్లు రావు, అంతవరకు గట్టిగా చెప్పగలను. అవి ఆమె పార్టీ యువనేత బార్దెల్లాకి వెళ్తాయి, 2024 యూరోపియన్ ఎన్నికల్లో ఆయన జట్టుకి 31 శాతం వచ్చింది కదా. నేను గమనించేది 16వ వార్డునే. లె పెన్ అంటే ముఖం చిట్లించిన ఆ ఇళ్లు, సూటు వేసుకుని మెత్తగా మాట్లాడే బార్దెల్లాకి తలుపు తీస్తాయా లేదా అన్నది.

పారిస్_అమ్మ

మా కింది ఫ్లోరు పెద్దావిడ తలుపు తీసేసిందండీ. 2024లో ఆ అబ్బాయికే వేసిందట, మొన్న లిఫ్టులో చెప్పింది. మా పాపకి ఇప్పుడు పదమూడేళ్లు దాటాయి, తను కూడా లిఫ్టులోనే ఉంది. «2030లో నాకూ ఓటు వస్తుంది» అని ఆవిడతో అంది.